బంగారం వెతికే పాత మిషను కథ

మొన్న వేసవిలో మా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు. ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. ఎర్రమట్టి నేల మీద ఒక తెల్లాయన హెడ్‌ఫోన్ పెట్టుకుని, కర్రకు బిగించిన పళ్ళెంలాంటి దాన్ని నేలకు ఆనించీ ఆనించకుండా ఊపుకుంటూ నడుస్తున్నాడు. ఒకచోట ఆగాడు. చిన్న గునపంతో తవ్వి చిక్కుడు గింజంత బంగారం తీశాడు.

"మాస్టారూ, మన కొండ మట్టి కూడా ఇలాగే ఎర్రగా ఉంటుంది గదా. ఈ మిషను ఇప్పుడు తయారు చెయ్యడం లేదంట. పాతది ఒకటి ఉందని పట్నంలో ఒకాయన చెప్తున్నాడు. లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు. కొనమంటారా?" అన్నాడు.

ఆ రోజు మేము ఏమీ చెప్పలేకపోయాం. రెండు వారాలు ఆగి రమ్మన్నాం. ఈలోపు దొరికినవి చదివాం, తెలిసినవాళ్ళను అడిగాం. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాం. ముందుగా ఒక మాట. మట్టి ఎర్రగా ఉందంటే అందులో ఇనుము ఉందని అర్థం, బంగారం ఉందని కాదు.

వీడియోలో కనిపించింది ఆస్ట్రేలియా. ఆ మిషను పుట్టింది కూడా అక్కడే. అయితే భూమిలో లోహాన్ని వెతికే యంత్రాల కథ అంతకంటే చాలా పాతది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, ఒంట్లో తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఒక పరికరం తయారు చేశాడు. తూటా దొరకలేదు. మంచంలో ఉన్న ఇనుప స్ప్రింగులు కూడా అందుకు ఒక కారణం అంటారు. 1930లలో కాలిఫోర్నియాలో గెర్‌హార్డ్ ఫిషర్ అనే ఇంజినీరు, ఖనిజాలున్న నేల దగ్గర రేడియో సంకేతాలు దారి తప్పడం గమనించి, మనిషి మోసుకుపోగల డిటెక్టర్ చేసి అమ్మడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో యోసెఫ్ కొసాత్స్కీ అనే పోలండ్ సైనికాధికారి మందుపాతరలు వెతికే డిటెక్టర్ తయారు చేసి, పేటెంటు తీసుకోకుండా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కరలేని పరికరాలు బజారుకు వచ్చాయి. బంగారం వెతికేవాళ్ళు వాటినే పట్టుకుని బయల్దేరారు.

1970ల చివర ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఈ వేట ముదిరింది. 1980లో కింగోవర్ అనే చోట కెవిన్ హిలియర్ అనే ఆయనకు 27 కిలోల పైచిలుకు బంగారు గడ్డ దొరికింది. అడుగు లోతులోనే ఉంది. దానికి 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' అని పేరుపెట్టారు. అమెరికాలోని ఒక జూదశాల సుమారు 10 లక్షల డాలర్లకు కొనుక్కుంది.

కానీ అప్పటి మిషన్లకు పెద్ద ఇబ్బంది ఒకటి ఉండేది. ఆస్ట్రేలియా బంగారు నేలల్లో ఇనుము ఎక్కువ. మిషను నేల మీద పెట్టగానే నేలే గోలచేసేది. ఆ గోలలో బంగారం ఇచ్చే చిన్న సడి వినపడేది కాదు. సంతలో చంటిపిల్ల ఏడుపు వినపడనట్టు. అడిలైడ్ నగరంలో 1985లో మొదలైన మైన్‌ల్యాబ్ కంపెనీలో బ్రూస్ కాండీ అనే శాస్త్రజ్ఞుడు ఈ ఇబ్బంది మీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1995లో ఎస్‌డీ 2000 అనే మిషను వచ్చింది.

అది పని చేసే తీరు బడిలో చెప్పదగ్గది. పళ్ళెంలో ఉన్న తీగచుట్టలోకి కరెంటును ఒక్క దెబ్బగా పంపి టక్కున ఆపేస్తారు. ఆపిన తర్వాత కూడా కింద ఉన్న లోహంలో సుడి కరెంట్లు కొద్దిసేపు తిరుగుతాయి. గంట కొట్టి చెయ్యి తీసేశాక కూడా అది మోగుతున్నట్టు. ఆ మోత సెకనులో లక్షోవంతుల లెక్కన ఆరిపోతుంది. మిషను ఆ ఆరిపోయే తీరును వింటుంది. నేల కూడా మోగుతుంది గానీ, దాని తీరు వేరు. పొడుగు దెబ్బలు, పొట్టి దెబ్బలు మార్చి మార్చి కొట్టి, వచ్చిన జవాబులను పోల్చి, నేల మోతను తీసేసి లోహం మోతను మిగిల్చుకోవడమే ఆ మిషను చేసిన కొత్త పని. సుడి కరెంటు అంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే రాగి గొట్టం ఒకటి, దానిలో పట్టే గట్టి అయస్కాంతం ఒకటి చాలు. రాగికి అయస్కాంతం అంటుకోదు. అయినా గొట్టంలోంచి జారవిడిస్తే అయస్కాంతం ఎవరో పట్టుకున్నట్టు మెల్లగా దిగుతుంది.

ఎస్‌డీ 2000 వచ్చాక, అయిపోయాయి అనుకున్న పాత నేలల్లో మళ్ళీ బంగారం దొరికింది. తర్వాత ఎస్‌డీ 2100, ఎస్‌డీ 2200 వచ్చాయి. 2000లో జీపీ ఎక్స్‌ట్రీమ్, ఆ వెనక జీపీ 3500, ఇంకా తర్వాత జీపీఎక్స్ వరస వచ్చింది. కొత్తవి వచ్చేకొద్దీ పాతవాటి తయారీ ఆగిపోతూ వచ్చింది. ఆగిపోయినా పాతవాటిని వెతికి కొనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఎందుకని మేమూ ఆశ్చర్యపోయాం. ఒక కారణం ధర. 2015లో వచ్చిన జీపీజెడ్ 7000 ధర దాదాపు 10,000 ఆస్ట్రేలియా డాలర్లు, అప్పటి లెక్కన మన 5 లక్షల రూపాయలు. కూలికో చిన్న ఉద్యోగానికో పోయేవాడు అంత పెట్టలేడు. రెండో కారణం మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. ఎస్‌డీ నుంచి జీపీఎక్స్ 5000 దాకా వచ్చిన మిషన్లకు, వేరే కంపెనీలు చేసిన తీగచుట్టలు కూడా బిగించుకోవచ్చు. లోతుకు పెద్ద చుట్ట, చిన్న పలుకులకు చిన్న చుట్ట. నేలను బట్టి మార్చుకోవచ్చు. తెలిసిన మెకానిక్ పెట్టె విప్పి బాగుచెయ్యగలడు. జీపీజెడ్ 7000, జీపీఎక్స్ 6000 లాంటి కొత్తవాటిలో చుట్ట లోపల చిప్ పెట్టారు. కంపెనీ ఒప్పుకున్న చుట్ట కాకపోతే మిషను పలకదు. డబ్బు పెట్టి కొన్నాక కూడా తాళంచెవి సగం కంపెనీ దగ్గరే ఉంటుంది. మన రైతుకు విత్తనం విషయంలో జరిగినది దీనికి దూరమేమీ కాదు.

పాతదాన్ని కొనడంలో మోసమూ ఉంది. సుడాన్ మొదలైన ఆఫ్రికా దేశాల్లో బంగారం వేట జోరందుకున్నప్పుడు జీపీఎక్స్ మిషన్లకు గిరాకీ పెరిగింది. వెంటనే అచ్చం అలాగే ఉండే నకిలీలు దిగాయి. మైన్‌ల్యాబ్‌ను 2008లో కొన్న కొడాన్ కంపెనీ తమ డిజైన్లను కంప్యూటర్ల నుంచి దొంగిలించారని 2015లో బయటపెట్టింది. పైన బొమ్మ, పేరు, రంగు అన్నీ ఒకటే. నేల మీద పెడితేనే తేడా తెలుస్తుంది.

ఇదంతా మిషను వైపు నుంచి చెప్పే చరిత్ర. ఇందులో 1980, 1995, 2015 అని సంవత్సరాలు వస్తాయి, కనిపెట్టినవాళ్ళ పేర్లు వస్తాయి. ఆ నేల ఎవరిదన్న మాట మాత్రం రాదు. కింగోవర్ జా జా వురుంగ్ అనే మూలవాసుల భూమి. గనులు తవ్వి తిరగేసిన తమ నేలను వాళ్ళు 'తలకిందులైన దేశం' అంటారు. విక్టోరియా ప్రభుత్వం వాళ్ళను ఆ భూమికి సంప్రదాయ హక్కుదారులుగా ఒప్పుకుంటూ ఒప్పందం చేసుకున్నది 2013లో.

ఇంకొంచెం వెనక్కి పోదాం. 1851 జూలైలో న్యూ సౌత్ వేల్స్‌లో, డాక్టర్ కెర్ అనే భూస్వామి దగ్గర గొర్రెలు కాసే ఒక ఆదివాసీ, మందతో తిరుగుతూ పలుగురాతిలో మెరుపు చూశాడు. చేతిలోని చిన్న గొడ్డలితో పెచ్చు లేపి చూశాడు. లోపలంతా బంగారమే. యజమానికి చెప్పాడు. ఆ రాయిలోంచి పదుల కిలోల బంగారం వచ్చింది. అంత బంగారం ఒక్కచోట దొరకడం లోకానికి అప్పటికి తెలియదు. చరిత్రలో దాని పేరు 'కెర్ గారి హండ్రెడ్‌వెయిట్'. చూసినవాడికి గొర్రెలు, గుర్రాలు, తిండి సరుకులు బహుమానంగా ఇచ్చారని అప్పటి పత్రికలు మెచ్చుకుంటూ రాశాయి. అది విరాజురి ప్రజల నేల. నేల వాళ్ళది, కళ్ళు వాళ్ళవి, పేరు కెర్‌ది.

మరో ఇరవై ఏళ్ళకు, 1871 క్రిస్మస్ రోజుల్లో క్వీన్స్‌లాండ్‌లో ఉరుముల వానకు ముగ్గురు తెల్ల అన్వేషకుల గుర్రాలు బెదిరి పారిపోయాయి. వాళ్ళతో ఉన్న ఆదివాసీ కుర్రాడు, పదేళ్ళ వయసువాడు, గుర్రాలను వెతుకుతూ ఒక గుట్ట పాదం దగ్గర బంగారపు రాయి చూశాడు. అక్కడే చార్టర్స్ టవర్స్ అనే పట్నం లేచింది. సొంత స్టాక్ ఎక్స్ఛేంజి పెట్టుకునేంత పట్నం. ఆ కుర్రాణ్ణి జూపిటర్ మోస్మన్ అన్నారు. యజమాని ఇంటిపేరే అతని ఇంటిపేరయింది. తల్లి పెట్టిన పేరు ఏదీ ఆ పట్నం కథలో వినపడదు. అతను 1945లో అదే పట్నంలో చనిపోయాడు.

వీళ్ళిద్దరూ డిటెక్టర్లు పట్టుకోలేదు. రోజూ నడిచే నేలలో కొత్తగా కనిపించే రాయిని గుర్తుపట్టారు. మన దగ్గరా తుగ్గలి, జొన్నగిరి పక్కన తొలకరి పడగానే జనం కుటుంబాలతో పొలాల్లో వజ్రాల కోసం కళ్ళతోనే వెతుకుతారు. వాన మట్టిని కడిగిన రోజున కన్నే పెద్ద మిషను.

అందరి కథా ఇలాగే ముగియలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో పిల్బరా అనే ప్రాంతముంది. అక్కడి గొర్రెల, పశువుల ఎస్టేట్లలో ఆదివాసులు తిండిగింజలకూ బట్టకూ పనిచేసేవాళ్ళు. 1946 మే 1న వందల మంది ఒక్కసారిగా పని మానేశారు. చదువు లేనివాళ్ళకు తేదీ తెలియాలి గదా. రోజుకొక గడి కొట్టేసుకునే చేతిరాత క్యాలెండర్లు ఎస్టేటు ఎస్టేటుకూ రహస్యంగా చేరాయి. డూలీ బిన్ బిన్, క్లాన్సీ మెకెన్నా అనే ఆదివాసీ నాయకులు, డాన్ మెక్లియాడ్ అనే తెల్ల మిత్రుడు దీన్ని నడిపించారు. సమ్మె మూడేళ్ళు సాగింది. జీతం లేదు, ఎస్టేటు తిండి లేదు. మరి ఎలా బతికారు?

యాండీతో బతికారు. యాండీ అంటే దోనెలాగా తొలిచిన పొడుగాటి పళ్ళెం. గింజల్లోంచి పొట్టు, మట్టి తీసేయడానికి అక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా వాడింది. అటూ ఇటూ ఊపుతూ ఒక పక్కకు వంచితే బరువైనది ఒక దిక్కుకు, తేలికది ఇంకో దిక్కుకు చేరుతుంది. మన ఆడవాళ్ళు చేటలో బియ్యం నేమి రాళ్ళు వేరు చేసినట్టే. సమ్మెకారులు అదే పళ్ళెంలో నీళ్ళు లేకుండా తగరపు ఖనిజాన్ని, టాంటలైట్‌ను వేరుచేసి అమ్ముకున్నారు. తర్వాత సొంతంగా గని కంపెనీ పెట్టుకున్నారు. తమను కూలీలుగా చూసిన ఎస్టేట్లలో కొన్నింటిని కొన్నారు కూడా. నేల దాచుకున్నదాన్ని వెతికే పనిలో మూలవాసుల పరికరం గెలిచిన సందర్భం ఇది. డిటెక్టర్ల చరిత్రలో దీనికి చోటు లేదు. మా లెక్కలో మాత్రం మొదటి చోటు దీనిదే.

చట్టం సంగతి కూడా ఆ కుర్రాడికి చెప్పాం. 1992లో మాబో కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే వాళ్ళ అత్యున్నత న్యాయస్థానం, తెల్లవాళ్ళు రాకముందు ఆ నేల ఎవరిదీ కాదన్న వాదనను కొట్టేసింది. మరుసటి ఏడు మూలవాసుల భూమి హక్కు చట్టం వచ్చింది. అయితే 2002లో వార్డ్ కేసులో, ఆ హక్కులో ఖనిజాలు రావని అదే కోర్టు చెప్పింది. పైన నేల నీది, కింద ఉన్నది ప్రభుత్వానిది. మన దగ్గర 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గనులను గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ లీజుకివ్వరాదని చెప్పింది. అనంతగిరి, బొర్రా వైపు పల్లెల పోరాటంతో వచ్చిన తీర్పు అది. అంతమాత్రాన ఎవరైనా మిషను పట్టుకుని తవ్వుకోవచ్చని కాదు. బంగారం తవ్వాలంటే గనుల చట్టం కింద అనుమతి ఉండాలి. భూమిలో దాచిన పాత సొమ్ము దొరికితే, దాని విలువ 10 రూపాయలు దాటినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ చెప్తోంది. గుప్తనిధుల పేరుతో రాత్రుళ్ళు కోటల్లో, గుట్టల మీద తవ్వే ముఠాలు కూలికి మన కుర్రాళ్ళను పట్టుకుపోవడం, పోలీసులు వచ్చేసరికి ముఠా మాయమై కూలివాడు దొరకడం మనకు తెలియని కథ కాదు.

అంతా విని అతను, "మరి ఆయన అమ్ముతానన్న మిషను?" అన్నాడు. ఫోటో చూపించమన్నాం. పిస్తోలు పిడిలాంటిది, దాని ముందు ఊగే సన్నటి ఇనుప కడ్డీ. తీగచుట్ట లేదు, హెడ్‌ఫోన్ లేదు. కిలోమీటరు దూరం నుంచే బంగారం వైపు కడ్డీ తిరుగుతుందట. ఎస్‌డీ 2000 అయితే అడుగు అడుగూ ఊపుకుంటూ పోవాలి, ఇనుప మేకు పలికినా బంగారం పలికినా తవ్వి చూడాలి. కూర్చున్నచోటి నుంచి దిక్కు చూపే మిషను లోకంలో లేదు. ఇలాంటి కడ్డీనే గోల్ఫ్ బంతులు వెతికే బొమ్మ నుంచి తయారు చేసి, బాంబులు పడుతుందని ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్ అనే వ్యాపారికి 2013లో లండన్ కోర్టు పదేళ్ళ జైలు వేసింది. దాన్ని నమ్మి చెక్‌పోస్టుల దగ్గర నిలబడిన సిపాయిలు, జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు.

కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. బయానా కింద అప్పటికే ఐదు వేలు ఇచ్చాడట. అవి తిరిగి రాలేదు.

పోయేముందు యాండీ ఫోటో తన ఫోనులోకి పంపించుకున్నాడు. మర్నాడు ఫోను చేశాడు. వాళ్ళ నాయనమ్మకు చూపించాడట. ఆమె బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "పొడుగెక్కువుంది, చివర వంపు చాలదు, కొర్రలు జారిపోతాయి" అందట.