ఆకుమీద గీత – దాని వెనుక పేరు



ద్వారకలో ఏ అపార్టుమెంటు బాల్కనీలోనైనా కుండీలో నిమ్మమొక్క ఉంటే, దాని లేత ఆకులను ఒకసారి పరీక్షగా చూడండి. వెండిలా మెరిసే వంకర గీతలు కనిపించవచ్చు. ఇలాంటి గీతలను మన రైతులు 'పాము పొడ' అంటారు. నిజానికి అది గీత కాదు, సొరంగం. ఆకు పైపొర కింద ఒక చిన్న లార్వా కణాలను తింటూ సాగిన దారి. ఆ లార్వా ఏ కీటకానిది? దీనికి జవాబు చెప్పడం మనిషి ఎలా నేర్చుకున్నాడో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆకులో కాపురముండే పురుగులను శ్రద్ధగా వర్ణించిన తొలి శాస్త్రజ్ఞుల్లో ఫ్రాన్సు దేశస్థుడు రయమూర్ ఒకడు. ఆయన కీటక గ్రంథం మూడో సంపుటం 1737లో వెలువడింది. తర్వాతి శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన హెన్రీ స్టెయిన్‌టన్ 1855 నుంచి 1873 వరకు చిన్న చిమ్మటలపై 13 సంపుటాలు ప్రచురించాడు. రెక్కల పురుగును మాత్రమే చూస్తే చాలదనీ, అది ఏ చెట్టు ఆకు తింటుంది, సొరంగం ఎలా తవ్వుతుంది అన్నవి కూడా గమనించాలనీ ఈ కృషి నేర్పింది.

ఒక ఉదాహరణ చూద్దాం. యూరపులోని ఎల్మ్ చెట్టు ఆకుల్లో స్టిగ్మెల్లా అల్మివోరా అనే చిమ్మట లార్వా సన్నని వంకర సొరంగం తవ్వుతుంది. అదే చెట్టు మీద ఫిల్లోనోరిక్టర్ ట్రైస్ట్రిగెల్లా అనే మరో చిమ్మట లార్వా ఆకు అడుగున రెండు ఈనెల మధ్య పొడవాటి సంచిలాంటి గది చేసుకుంటుంది. చెట్టు ఒకటే, చేతిరాతలు వేరు!

ఇక మన నిమ్మ సంగతి. 1856లో స్టెయిన్‌టనే కలకత్తా నుంచి వచ్చిన నమూనాల ఆధారంగా ఈ చిమ్మటను వర్ణించి, ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అని పేరు పెట్టాడు. దీని రెక్కలు విప్పితే వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లే. తెల్లని ముందు రెక్క కొసన ఒక నల్లచుక్క ఉంటుంది. సొరంగం నడిమధ్య లార్వా విసర్జన సన్నని గీతలా సాగుతుంది. ఎదిగిన లార్వా ఆకు అంచును ముడిచి, ఆ మడతలో ప్యూపాగా మారుతుంది.

భారతదేశంలో ఈ అధ్యయనానికి కేంద్రంగా నిలిచింది బీహారులోని పూసా. అక్కడ 1905లో వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ కీటక శాస్త్రజ్ఞుడు బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ పంపిన చిన్న చిమ్మటలను ఇంగ్లండులో పాఠశాల ఉపాధ్యాయుడైన ఎడ్వర్డ్ మేరిక్ పరిశీలించి పేర్లు పెట్టేవాడు. మేరిక్ జీవితకాలంలో 14,000కు పైగా జాతులను వర్ణించాడు. అయితే ఆయన జననాంగాలను కోసి చూసే పద్ధతిని ఆదరించలేదు. పైకి ఒకేలా కనిపించే చిమ్మటలను వేరుచేయడానికి ఆ భాగాలే నమ్మకమైన ఆధారం. అందుకే ఆయన పేర్లలో ఎన్నింటినో తర్వాతివారు మళ్లీ పరిశీలించవలసి వచ్చింది. 1934 జనవరి 15 భూకంపంలో పూసా భవనం దెబ్బతినగా, 1936లో సంస్థ ఢిల్లీకి తరలింది. ద్వారకకు దూరం కాని నేటి పూసా ప్రాంగణంలోనే జాతీయ కీటక సేకరణ ఉంది.

ఒక పురుగు పేరు కోసం ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. 1993లో అమెరికాలోని ఫ్లోరిడా నిమ్మజాతి తోటల్లో హఠాత్తుగా వెండి గీతలు కనిపించాయి. అది సిట్రెల్లా అని తేలగానే దాని పుట్టిల్లు ఆసియా అనీ, దాని సహజ శత్రువులను ఎక్కడ వెతకాలో కూడా తెలిసింది. థాయ్‌లాండ్ నుంచి ఆస్ట్రేలియాకు చేరిన అజెనియాస్పిస్ సిట్రికోలా అనే చిన్న కందిరీగను 1994లో ఫ్లోరిడాకు తెచ్చి వదిలారు. అది అక్కడ స్థిరపడింది. పేరు తెలియకపోతే ఈ దారి తెరుచుకునేది కాదు.

మరో వైపు చూడండి. 1990ల ఆరంభంలో హైదరాబాదులో ఆముదం ఆకులపై పాము పొడ కనిపించింది. అది చిమ్మట పని కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చిన లిరియోమైజా ట్రైఫోలీ అనే ఈగ పని! దాని సొరంగంలో విసర్జన నడుమ గీతగా కాక, అంచుల వెంట అటూ ఇటూ నల్లని చారలుగా పడుతుంది. ఈగకూ చిమ్మటకూ శత్రువులు వేరు, నివారణా వేరు.

నేడు ఇంకొక సాధనం చేతికి వచ్చింది. 2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన డీఎన్ఏ బార్‌కోడ్ పద్ధతిలో, సుమారు 650 అక్షరాల జన్యుభాగం చదివి జాతిని పోల్చవచ్చు. లార్వా దశలోనే గుర్తుపట్టడం దీనితో సాధ్యం. కానీ పోల్చి చూడటానికి ముందుగా సరిగా పేరు పెట్టిన నమూనా ఉండాలి కదా! అందువల్ల పాత సేకరణల విలువ ఇంకా పెరిగింది.

మీరూ ప్రయత్నించండి. గీత ఉన్న ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మొక్క ఏది, సొరంగం ఏ ఆకారంలో ఉంది, విసర్జన ఎక్కడుంది, తేదీ ఏమిటి – ఈ నాలుగూ నోటుబుక్కులో రాసుకోండి. ఆకును గాలి చొరబడే మూత ఉన్న సీసాలో ఉంచి, రెక్కల పురుగు బయటికి వచ్చేదాకా ఓపిక పట్టండి. అప్పుడు దాని ముందు రెక్క కొసన నల్లచుక్క ఉందేమో చూడండి.