ధనం, ఋణం, అయాను: హైదరాబాదు శాస్త్రపరిభాషలో ఒక పరిశీలన

హైదరాబాదులోని అబిడ్స్ కాలిబాటపై ఆదివారాలు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పాతపుస్తకాలు పక్కపక్కనే అమ్ముతుంటారు. ఈ నగరంలో శాస్త్రపరిభాషలు కూడా అలాగే ఇరుగుపొరుగుగా పెరిగాయి. 1906లో ఇక్కడ వెలసిన విజ్ఞానచంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథ ప్రచురణకు పూనుకొన్నది. 1917లో దారుల్ తర్జుమా అనే అనువాదశాఖ ఏర్పడింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు తొలి తరగతులు అబిడ్స్‌కు చేరువలోని గన్‌ఫౌండ్రీలో ఉర్దూ మాధ్యమంలో మొదలయ్యాయి. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ ఉన్నతవిద్యకు తెలుగు వాచకాలు సమకూర్చింది. అయానుల విద్యుదావేశాలకు ఈ రెండు భాషలు వాడిన పేర్లను పోల్చి, తెలుగు పేర్ల అర్థస్ఫూర్తిని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

ఫారడే 1834లో ప్రవేశపెట్టిన ‘అయాన్’ అనే గ్రీకు మూలపదాన్ని తెలుగు యథాతథంగా స్వీకరించింది. ఆవేశ భేదాలకు మాత్రం సొంత సంప్రదాయాన్ని ఆశ్రయించింది. ఉర్దూలోని ముస్బత్, మన్ఫీ అనే మాటలు ఔననడాన్నీ, కాదనడాన్నీ సూచిస్తాయి. తెలుగులోని ధన, ఋణ శబ్దాలు గణితం నుంచి వచ్చాయి. 628 నాటి బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో బ్రహ్మగుప్తుడు ఈ పేర్లతోనే సంఖ్యానియమాలు చెప్పాడు.

అయితే ఇక్కడొక చిక్కు ఉన్నది. సోడియం ఒక ఎలక్ట్రానును కోల్పోయి +1 ధనావేశం పొందుతుంది. క్లోరిన్ ఒకదానిని గ్రహించి −1 ఋణావేశం పొందుతుంది. పోగొట్టుకొన్నది ధనం, సంపాదించినది ఋణం ఎట్లా అవుతాయని విద్యార్థి తికమకపడతాడు.

దీనికి సమాధానం ధర్మశాస్త్రాల వ్యవహారకాండలో దొరుకుతుంది. అక్కడ ధనికుడంటే అప్పిచ్చినవాడు, ఋణికుడంటే అప్పు పుచ్చుకొన్నవాడు. కేతన 13వ శతాబ్దిలో మితాక్షరను విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు కనుక ఈ వ్యవహారలోకం తెలుగు సాహిత్యానికి పరాయిది కాదు. ఈ అర్థంలో సోడియం ధనికుడు, క్లోరిన్ ఋణికుడు. అల్యూమినియం సల్ఫేటులో రెండు అల్యూమినియం అయాన్లు మూడేసి చొప్పున ఆరు ఎలక్ట్రాన్లు ఇచ్చినవి. మూడు సల్ఫేటులు రెండేసి చొప్పున ఆరు పుచ్చుకొన్నవి. ఖాతా సరిపోయింది.

ఈ పొందిక యాదృచ్ఛికమే. 1747లో ఫ్రాంక్లిన్ ఎక్కువ తక్కువల లెక్కగా ఆవేశ సంజ్ఞలను నిర్ణయించాడు. 1897లో థామ్సన్ గుర్తించిన ఎలక్ట్రాన్ ఆ లెక్కలో ఋణపక్షాన పడింది. అయినా బోధనలో దీని ప్రయోజనం తక్కువ కాదు. సంస్కృతభారమని ధన, ఋణ శబ్దాలను వదలి ‘ప్లస్, మైనస్’ అనడం నేడు పరిపాటి అయింది. ఆ మాటలు గుర్తును మాత్రమే చెబుతాయి. ధన, ఋణ శబ్దాలు ఇచ్చిపుచ్చుకోలు కూడా చెబుతాయి. పరిభాష కఠినమని త్యజించే ముందు దాని వ్యవహార చరిత్రను పరిశీలించడం భాషాధ్యాపకుల బాధ్యత.