ఐజీజీ2 ఉపవర్గ లోపం: జన్యు సూచికలు
ఐజీజీ2 లోప జన్యు సూచికలు అంటే రక్తంలో ఇమ్యునోగ్లోబ్యులిన్-జి (ఐజీజీ) రెండో ఉపవర్గం తగ్గే అవకాశాన్ని తెలిపే వంశపారంపర్య గుర్తులు. ఐజీజీ నాలుగు ఉపవర్గాల భారశృంఖల జన్యువులు 14వ క్రోమోజోమ్‌పై వరుసగా ఉంటాయి. వాటి రూపభేదాలైన జీఎమ్ అలోటైపులను స్వీడన్ శాస్త్రవేత్త రూనే గ్రబ్ 1956లో వెల్లడించాడు. వీటిలో కీలకమైనది జీ2ఎమ్(ఎన్). ఇది లేనివారిలో ఐజీజీ2 సగటున తక్కువగా ఉంటుంది. వారిలో న్యుమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా-బి బ్యాక్టీరియాల పైతొడుగులోని పాలిసాకరైడ్లకు ప్రతిరక్షకాలు తక్కువగా తయారవుతాయి. అయితే గుర్తు వేరు, జబ్బు వేరు. జన్యువే పూర్తిగా లోపించడం అరుదు. అలా ఐజీజీ2తో సహా పలు జన్యువులు లేని ఆరోగ్యవంతులు ట్యునీషియాలో ఉన్నట్టు 1982లో నమోదైంది. నిర్ధారణకు సీరంలో ఐజీజీ2 కొలత, పాలిసాకరైడ్ టీకాకు వచ్చే స్పందనే ఆధారం.