నల్లకుంట నుంచి వాకపల్లి దాకా

1861 నాటి పోలీసు చట్టంలో క్రమశిక్షణ అంటే ప్రధానంగా పైఅధికారి ఆజ్ఞకు లోబడి ఉండడమే. విధి తప్పిన పోలీసుకు మూడు నెలల జీతానికి మించని జరిమానా గాని, మూడు నెలలకు మించని ఖైదు గాని, రెండూ గాని విధించవచ్చని దాని 29వ సెక్షను చెప్పగా, సస్పెన్షను, బర్తరఫ్ వంటి శాఖాపరమైన శిక్షలు పైఅధికారుల చేతిలో ఉండేవి. ఠాణాలో స్త్రీపై జరిగిన అత్యాచారానికి శిక్షాస్మృతి వర్తించినా, ఫిర్యాదు రాసుకోవలసిందీ, దర్యాప్తు చేయవలసిందీ ఆ శాఖే.

1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట ఠాణా ఉదంతం ఈ లోపాన్ని నడివీధిలోకి తెచ్చింది. రాత్రి సినిమా చూసి తిరిగి వస్తున్న ఒక యువతి తనపై పోలీసులు అత్యాచారం చేశారని చెప్పింది. నిలదీసిన ఆమె భర్త, ఒక రిక్షా కార్మికుడు, దెబ్బలకు ప్రాణం విడిచాడు. జనం అతని శవాన్ని ఠాణా ముందుకు మోసుకువచ్చారు. నగరం కర్ఫ్యూలోకి వెళ్లింది. ప్రభుత్వం నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులను దోషులుగా తేల్చినా, విచారణ కమిషను నిజానిజాలు నిర్ధారించగలదే తప్ప శిక్ష వేయలేదు. పోలీసుల తరఫు వాదన అంతా ఆమె శీలం చుట్టూ తిరిగింది. భర్తను పోగొట్టుకున్న మనిషికి అంతకు మించిన అవమానం లేదు. కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయిన కేసు 1981లో నిందితుల విడుదలతో ముగిసింది.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో 1972లో ఒక ఆదివాసీ బాలికపై ఠాణాలోనే జరిగిన అత్యాచారం కేసులో, ఒంటిపై గాయాలు లేవన్న కారణంతో సుప్రీంకోర్టు పోలీసులకు హైకోర్టు వేసిన శిక్షలను రద్దు చేసిందీ 1978లోనే. ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ 1979లో రాసిన బహిరంగ లేఖ, దాని వెంట లేచిన మహిళా ఉద్యమం 1983 సవరణకు దారితీశాయి. ఠాణా పరిధిలో అత్యాచారం చేసిన పోలీసుకు కనీస శిక్ష పదేళ్లయింది. సంభోగం రుజువై, తాను సమ్మతించలేదని బాధితురాలు కోర్టులో చెబితే, సమ్మతి లేదనే న్యాయస్థానం భావించాలి. బాధితురాలి పేరు ప్రచురించడం నేరమైందీ అప్పుడే. అప్పటికే ఈ రెండు ఉదంతాల బాధితురాళ్ల పేర్లూ కేసుల పేర్లుగా స్థిరపడిపోయాయి. 2013లో మరో సవరణ, ఇటువంటి కేసుల్లో ప్రభుత్వ అధికారిని విచారించడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదని తేల్చింది.

దర్యాప్తు మాత్రం పోలీసుల చేతిలోనే ఉండిపోయింది. 2007 ఆగస్టులో పాడేరు మన్యంలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక దళం పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేయగా, 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానం దర్యాప్తు సరిగా సాగలేదని తప్పుపట్టి, నిందితులను విడుదల చేసి, ఆ స్త్రీలకు పరిహారం చెల్లించాలని ఆదేశించింది.