మన్యంలో తూటాల లెక్క

మన్యంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు అల్లూరి సీతారామరాజు వశమయ్యాయి. చిక్కిన తుపాకులు 26, తూటాలు సుమారు 2,500. తరగతిలో ఈ పాఠం చెప్పినన్నాళ్లూ నేను తుపాకులనే లెక్కించాను. తూటాలను భాగించి చూసినది పదవీ విరమణ చేశాకనే (చదువరులు నవ్వకండి!). తుపాకీకి నూరైనా రావు.

నాటు తుపాకీకి మందూ గుండూ ఊళ్లోనే సిద్ధమవుతాయి; కాని వానకు మందు చెమ్మగిలితే పేలదు. పోలీసు తుపాకీకి ఆ బెడద తక్కువ. అయితే దాని ఇత్తడి తూటా కొండల్లో తయారు కాదు, మళ్లీ సర్కారు ఠాణాలోనే దొరకాలి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ దొరలు నేలకొరిగారు. అక్టోబరులో రాజు అడ్డతీగల ఠాణాకు వెళ్లేసరికి ఆయుధాలను ముందే తరలించేశారు.