కొమ్ము పట్టిన చేతులు

నొప్పి పుట్టిన చోట చిన్న గాట్లు పెట్టి, దాని మీద కొమ్ము బోర్లించి, నోటితో గాలి పీల్చి చెడురక్తం లాగే వైద్యం గురించి మాట వస్తే రెండు వాదాలు వినిపిస్తాయి. అది సుశ్రుతుడు చెప్పిన రక్తమోక్షణం కాబట్టి ఆయుర్వేదానిదేనని కొందరు, హకీములు తెచ్చిన హిజామా కాబట్టి యునానీదేనని మరికొందరు అంటారు. ఇద్దరి దగ్గరా గ్రంథాధారం ఉంది. కాని గ్రంథం ఎవరిదైనా ఆ కొమ్మును చేత్తో పట్టింది ఎవరన్న ప్రశ్నను ఇద్దరూ దాటేస్తున్నారు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వంటి సీమ ఊళ్ల గతాన్ని ఆ ప్రశ్నతో చూస్తే, ఈ వైద్యాన్ని బతికించింది పండితుడూ హకీమూ కాదని, ఒంటిని ముట్టుకుని బతికే చేతివృత్తుల వాళ్లని తేలుతుంది. వాళ్ల పేరు లేకుండా రాసే చరిత్ర ఏదైనా సగం చరిత్రే.

ముందు గ్రంథాలనే చూద్దాం. సుశ్రుత సంహిత సూత్రస్థానం 13వ అధ్యాయంలో మూడు సాధనాలున్నాయి. వాతంతో చెడిన రక్తానికి ఆవుకొమ్ము, పిత్తంతో చెడినదానికి జలగ, కఫంతో చెడినదానికి లోపల దీపం వెలిగించిన సొరబుర్ర. వాగ్భటుడు వీటికి చిన్న కుండను కూడా చేర్చాడు. అటు గ్రీకు వైద్యగ్రంథాలూ, వాటిని అందుకున్న ఇబ్న్ సీనా గ్రంథమూ ఇదే పద్ధతిని వివరించాయి. సాధనమూ సూత్రమూ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఎవరు ముందన్న తగువు తేలేది కాదు, తేలినా మన ఊళ్ల గురించి చెప్పేదేమీ లేదు. అంతకన్నా విలువైన ఆనవాలు అదే అధ్యాయంలో ఉంది. రాజులకు, ధనికులకు, పిల్లలకు, ముసలివాళ్లకు, స్త్రీలకు, సుకుమారులకు జలగే తగినదని సుశ్రుతుడు అన్నాడు. అంటే మెత్తని వైద్యం మెత్తని ఒళ్లకు. మిగిలిన కొమ్మూ బుర్రా ఎక్కువగా కష్టం చేసే ఒళ్లకే దక్కాయని అనుకోవడం తప్పు కాదు.

ఇక మన నేల మీదికి వస్తే 1652 నాటి సాక్ష్యం ఒకటుంది. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే ఆ ఏడు జమ్మలమడుగుకు దగ్గర్లోని గండికోటకు వచ్చి, అప్పటికి రెండేళ్ల కిందటే దాన్ని పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. అక్కణ్ణుంచి గోల్కొండకు వెళ్లిన దారి గురించి రాస్తూ, కర్ణాటక, గోల్కొండ, బీజాపూరు రాజ్యాల్లో రాజుల కొలువులో తప్ప వైద్యులు దాదాపు లేరన్నాడు. వానలు కురిశాక తల్లులు పొద్దున్నే పొలాలకు వెళ్లి మూలికలు ఏరుకొస్తారనీ, పెద్ద ఊళ్ల సంతవీధుల్లో ఒకరిద్దరు కూర్చుని నాడి చూసి కొద్దిపాటి డబ్బుకు మందులిస్తారనీ రాశాడు. గోల్కొండలో ఇంకొక సంగతి చెప్పాడు. సుల్తాను తలనొప్పికి నాలుక కింద నెత్తురు తీయాలని ఆస్థాన వైద్యులు నిర్ణయించారు, కాని చేసేవాడు దొరకలేదు. చివరికి ఒక డచ్చి శస్త్రవైద్యుడు ఆ పని చేశాడు. ఇక్కడివాళ్లకు శస్త్రవైద్యమే తెలియదని తావెర్నియే తేల్చేశాడు.

ఈ మాట నా వాదానికి అడ్డు వస్తుందని ఎవరైనా అనవచ్చు. నిజానికి ఇది దాన్ని బలపరుస్తుంది. నెత్తురు తీయాలని చెప్పగలిగినవాళ్లు కొలువులో ఉన్నారు, తీయగల చెయ్యి మాత్రం కొలువులో లేదు. చెప్పే వైద్యం, చేసే వైద్యం అప్పటికే విడిపోయాయి. చేసేవాళ్లు కోట బయట ఉన్నారనడానికి అదే శతాబ్దంలో ఇటలీ యాత్రికుడు మనూచీ ఇచ్చిన సాక్ష్యం చాలు. బీజాపూరు యుద్ధాల్లో ముక్కు తెగినవాళ్లకు నుదుటి చర్మంతో ముక్కు కట్టే స్థానిక శస్త్రవైద్యుల గురించి ఆయన రాశాడు. ముస్లిం సమాజాల్లోనూ పద్ధతి ఇదే. హకీం చెప్తాడు, క్షురకుడైన హజ్జామ్ చేస్తాడు. లండన్‌లో కూడా 1745 దాకా క్షురకులూ శస్త్రవైద్యులూ ఒకే సంఘంలో ఉండేవారు.

సీమ పల్లెలో ఆ చేయి క్షురక వృత్తివారిది, అంటే ఇవాళ్టి నాయీబ్రాహ్మణులది. దక్షిణాది క్షురకులు శస్త్రవైద్యం, వాళ్ల ఆడవాళ్లు మంత్రసానితనం చేసేవారని కులాల గురించి 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలు నమోదు చేశాయి. దత్తమండలాల్లో కలెక్టరు మన్రో చూసిన ఊరి వ్యవస్థలో పన్నెండుమంది ఆయగాళ్లుండేవారు, వాళ్లలో క్షురకుడు ఒకడు. అతనికి కూలి గింజల రూపంలో, మాన్యం రూపంలో ముట్టేది. గడ్డం గీసినందుకు ఇంత, కొమ్ము పెట్టినందుకు ఇంత అని వేరు లెక్క అక్కర్లేని ఏర్పాటది. అందుకే కొమ్ము పనికి కాగితం మీద ఆనవాలు తక్కువ. లెక్క రాసింది కరణం, శాస్త్రం రాసింది పండితుడు. కలం పట్టినవాడు కొమ్ము పట్టలేదు, కొమ్ము పట్టినవాడికి కలం అందలేదు. ఇక అవసరానికేం కొదవ? ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల్లో గుంటమగ్గంలో కాళ్లాడిస్తూ పొద్దంతా వంగి కూర్చునే నేతగాళ్లు, నాపరాయి మోసే కూలీలు, పులివెందుల మెట్టచేలల్లో నడుం వంచే సేద్యగాళ్లు. పట్టేసిన నడుముకు ఊళ్లోనే, అప్పటికప్పుడే దొరికే ఉపశమనం వీళ్లకు కావాలి.

ఆ చేతిపని ఎందుకు వెనకబడింది? 19వ శతాబ్దం చివర్లో లండన్ మిషన్ జమ్మలమడుగులో నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి వంటివి శస్త్రచికిత్సను పల్లెజనం దగ్గరికి తెచ్చాయి. అది మేలే. 1914 మద్రాసు చట్టం పాశ్చాత్య వైద్యులకే రిజిస్ట్రేషన్ ఇచ్చింది. దేశీయ వైద్యాల కోసం 1921లో ఉస్మాన్ కమిటీ ఏర్పడి, 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల మొదలైంది. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మూడూ పాఠాలయ్యాయి, మంగలిపొదికి మాత్రం ఆ బడిలో చోటు లేదు. 1970 కేంద్ర చట్టం కూడా ప్రధానంగా చదువుకున్న వైద్యుణ్ణే గుర్తించింది. వంశపారంపర్యమైన చేతివైద్యం నిలవనే నిలవదా అంటే పుత్తూరు కట్టు నిలిచింది. ఎముకలు కట్టడంలో నెత్తురు అంటదు, మైల అంటదు. కొమ్ముకు రెండూ అంటాయి. వైద్యుడన్న గౌరవం దక్కడంలో ఆ తేడా పనిచేసిందని నా నమ్మకం.

పనిచేయని వైద్యానికి ఇంత చరిత్ర ఎందుకన్నది గట్టి అభ్యంతరం. చెడురక్తం ఒకచోట చేరి నొప్పి పుట్టిస్తుందన్న సిద్ధాంతాన్ని ఆధునిక శాస్త్రం ఒప్పుకోదు. మెడ, నడుము నొప్పులకు కొంత ఉపశమనం కనబడిందన్న పరీక్షలు ఉన్నా వాటి నాణ్యత తక్కువ. గాట్లు పెట్టే పద్ధతిలో పనిముట్లు శుభ్రంగా లేకపోతే హెపటైటిస్ వంటి జబ్బులు సోకుతాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు ఫెల్ప్స్ భుజాల మీద కనబడ్డ ఎర్రటి గుండ్రాలు ఏ రోగం కుదురుతుందనడానికీ రుజువు కావు. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. అయితే వైద్యం విలువ వేరు, దాన్ని మోసినవాళ్ల విలువ వేరు. ఆసుపత్రి లేని కాలంలో జనం నొప్పికి జవాబు చెప్పిన వాళ్ల పనిని, ఆ జవాబు అరకొరదన్న కారణంతో చరిత్రలోంచి కొట్టేయలేం. ఇవాళ అదే పని గాజుకప్పులతో, కొత్త పేర్లతో, బోర్డుల కింద అమ్ముడవుతోంది. దాని ప్రాచీనతను గొప్పగా చెప్పుకునేవాళ్లు ఆ ప్రాచీనత ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా చెప్పాలి. చరిత్ర రాసేవాళ్లు తాళపత్రాలతో పాటు ఆ కుటుంబాల్లోని పెద్దవాళ్ల జ్ఞాపకాలనూ పొదిలోని పనిముట్లనూ నమోదు చేయాలి. కడప జిల్లా వైద్యచరిత్రలో వాళ్లకు రావాల్సిన అధ్యాయం ఇంకా రాయాల్సే ఉంది.