ఖజానా, పద్దు, సమ్మతి: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేపథ్యంలో ప్రభుత్వ వ్యయంపై శాసనసభ అధికారం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ప్రభుత్వం చేసే ఖర్చుకు ప్రజాప్రతినిధుల సభ అనుమతి అవసరమనే సూత్రం హైదరాబాద్ సంస్థానంలో ఆలస్యంగా అమలులోకి వచ్చింది. సంస్థాన కాలం, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అనే నాలుగు దశల్లో ఈ సూత్రం ఎలా పరిణమించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వ్యయంపై సభకు ఉండవలసిన అధికారంలో ముందుగా తెలుసుకోవడం, ఓటు వేయడం, తరువాత లెక్క అడగడం అనే మూడు అంగాలు ఉన్నాయని, ఒక్కో దశలో వీటిలో ఏదో ఒకటి లోపించిందని, ఆ లోపం ఫలితం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి ప్రాంతాల్లో స్పష్టంగా కనిపిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పద్దు, మంజూరు, ద్రవ్య వినిమయ చట్టం, కోత తీర్మానం, ప్రాంతీయ సంఘం, మిగులు నిధులు, మరమగ్గాలు.

1. ఉపోద్ఘాతం:
తెలంగాణ తెలుగులో ప్రభుత్వ ధనానికి సంబంధించిన పదజాలం ఎక్కువ భాగం అరబ్బీ, ఫారసీల నుండి ఉర్దూ ద్వారా వచ్చింది. ఖజానా, జమ, ఖర్చు, వసూలు, బకాయి, మంజూరు ఇటువంటివే. వీటిలో ‘మంజూరు’ అనే మాటను ప్రత్యేకంగా గమనించాలి. ‘నజర్’ (చూపు) అనే మాటకు చెందిన ధాతువు నుండి పుట్టిన ఈ పదానికి ‘చూడబడినది’ అని మూలార్థం. దానినుండే ‘ఆమోదం పొందినది’ అనే అర్థం ఏర్పడింది. చూడకుండా ఆమోదించడం కుదరదనే భావన ఆ పదంలోనే ఉంది. శాసనసభ పరిభాషలో స్థిరపడిన ‘పద్దు’ అనే మాట లెక్కల పుస్తకంలోని నమోదును సూచిస్తుంది. మంజూరుకు, పద్దుకు మధ్య సభ ఎక్కడ నిలుస్తుందన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. సంస్థాన కాలం – లెక్క ఉన్నా ఓటు లేదు:
మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాను పదవి చేపట్టేనాటికి హైదరాబాద్ ఖజానా అప్పుల్లో ఉంది. శిస్తు వసూలు గుత్తేదారుల చేతుల్లో ఉండేది. 1865 నాటి జిలాబందీతో జిల్లాల వ్యవస్థ ఏర్పడి, ఆదాయవ్యయాలు ప్రభుత్వ ఉద్యోగుల అదుపులోకి వచ్చాయి. నేటి జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలు ఆనాటి ఎలగందుల జిల్లాలోనివి. 1905లో జరిగిన పునర్వ్యవస్థీకరణతో అవి కరీంనగర్ జిల్లాలో భాగమయ్యాయి. 1920ల ఆరంభంలో అక్బర్ హైదరీ శాఖలవారీగా నిధుల కేటాయింపు పద్ధతిని ప్రవేశపెట్టారు. ఒక్కో శాఖకు కొన్నేళ్లకు సరిపడా మొత్తాన్ని ముందుగానే నిర్ణయించే ఈ విధానం ఆర్థిక క్రమశిక్షణకు తోడ్పడింది.

అయితే ఈ సంస్కరణలన్నీ పైనుండి వచ్చినవే. 1893లో శాసన మండలి ఏర్పడినా వ్యయాన్ని ఆమోదించే, తిరస్కరించే అధికారం దానికి దక్కలేదు. ఫసలీ సంవత్సరం అజుర్ నెలతో మొదలయ్యే బడ్జెట్‌కు తుది ఆమోదం నిజాముదే. 1939లో ప్రకటించిన సంస్కరణలు వృత్తి ప్రయోజనాల ప్రాతిపదికన ప్రాతినిధ్యాన్ని ప్రతిపాదించాయే గాని, సభకు బాధ్యత వహించే ప్రభుత్వాన్ని ఇవ్వలేదు. ఈ నేపథ్యంలో 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్రమహాసభకు ప్రాధాన్యం ఉంది. పన్ను కట్టే రైతు, నేతకారుడు తమ సమస్యలను బహిరంగంగా చర్చించుకునేందుకు అధికారిక సభ లేని కాలంలో అటువంటి ప్రజాసభలే కొంతమేరకు ఆ లోటును తీర్చాయి.

3. 1952 – తొలిసారి ఓటు:
1950 ఏప్రిల్ 1న హైదరాబాద్ ఆర్థిక వ్యవస్థ కేంద్రంతో విలీనమైంది. అప్పటికి రాష్ట్రంలో హాలీ సిక్కా ఇంకా చలామణిలో ఉంది. ఏడు హాలీ రూపాయలు ఆరు భారత రూపాయలకు సమానం. 1952 ఎన్నికలతో 175 మంది సభ్యుల శాసనసభ ఏర్పడింది. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. వయోజన ఓటుహక్కుతో ఎన్నికైన సభ ముందు ప్రభుత్వం తన ఖర్చుకు అనుమతి కోరవలసిన స్థితి ఈ ప్రాంతంలో అదే మొదటిసారి.

ఆనాటి నుండి నేటివరకు అనుసరిస్తున్న ప్రక్రియకు రాజ్యాంగమే ఆధారం. 202వ అధికరణం ప్రకారం వార్షిక ఆర్థిక నివేదికను సభ ముందుంచాలి. 203 ప్రకారం గ్రాంట్ల అభ్యర్థనలపై సభ ఓటు వేస్తుంది. సభ్యులు పద్దును అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం మాత్రం లేదు. గవర్నరు వేతనం, అప్పులపై వడ్డీ వంటి వ్యయంపై చర్చ ఉంటుంది గాని ఓటు ఉండదు. 204 ప్రకారం ద్రవ్య వినిమయ చట్టం అయిన తరువాతే సంచిత నిధి నుండి సొమ్ము తీయాలి. ఒక విధానాన్ని నిరసిస్తూ పద్దును ఒక్క రూపాయికి తగ్గించమనడం, పొదుపు కోసం నిర్దిష్ట మొత్తాన్ని తగ్గించమనడం, ఒక ఫిర్యాదును ప్రస్తావించడానికి నూరు రూపాయలు తగ్గించమనడం అని కోత తీర్మానాలు మూడు రకాలు. ఇవి నెగ్గడం అరుదు. అయినా మారుమూల తాలూకా సమస్య సభ రికార్డులోకి ఎక్కడానికి ఇవి మార్గమయ్యాయి.

4. 1956–1973 – ఓటు ఉన్నా ప్రాంతీయ లెక్క లేదు:
ఆంధ్రప్రదేశ్ అవతరణతో సమస్య కొత్త రూపం దాల్చింది. తెలంగాణ ఆదాయం ఇతర ప్రాంతాలకు తరలిపోతుందనే భయాన్ని ఫజల్ అలీ కమిషన్ 1955 నివేదికలో నమోదు చేసింది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం, సాధారణ పాలనా వ్యయాన్ని రెండు ప్రాంతాలు దామాషాలో భరించగా మిగిలిన తెలంగాణ ఆదాయాన్ని తెలంగాణ అభివృద్ధికే కేటాయించాలి.

ఈ హామీని కాపాడవలసిన ప్రాంతీయ సంఘం 1958 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ఏర్పడింది. తెలంగాణ శాసనసభ్యులే ఇందులో సభ్యులు. అయితే ఈ సంఘం చేసే ప్రతిపాదనలు సాధారణ, ఆనుషంగిక ఖర్చుకు మించి ఆర్థిక భారం లేనివై ఉండాలి. నిధుల వినియోగంపై వచ్చిన ఫిర్యాదులకు పరిష్కారంగా ఏర్పడిన సంస్థకు నిధులపైనే అధికారం లేకపోవడం ఈ ఏర్పాటులోని మౌలిక వైరుధ్యం. శాసనసభలో బడ్జెట్‌కు ఓటు రాష్ట్రం మొత్తానికి ఒక్కటిగానే జరిగేది. ప్రాంతాలవారీ వ్యయానికి విడిగా ఓటు లేదు.

ఫలితంగా మిగులు ఎంత అన్న ప్రశ్న సభలో తేలలేదు, వీధుల్లోకి వచ్చింది. 1969 ఉద్యమకాలంలో కుమార్ లలిత్ కమిటీ, ఆ తరువాత జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిటీ లెక్కలు తీశాయి. రెండు కమిటీలూ ఒకే మొత్తానికి రాలేదు. పన్నెండేళ్లపాటు ఏటా సభ ఆమోదించిన బడ్జెట్ల మీద ఇటువంటి వివాదం రావడాన్ని బట్టి, ఓటు మాత్రమే పారదర్శకతను ఇవ్వదని తెలుస్తుంది. 1973 నాటి ఆరుసూత్రాల పథకంతో ప్రాంతీయ సంఘం రద్దయింది.

జగిత్యాల ప్రాంతానికి ఈ చర్చ కేవలం సిద్ధాంతం కాదు. పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ జలాశయం నుండి కాకతీయ కాలువ జగిత్యాల ప్రాంతం మీదుగా సాగుతుంది. ఇటువంటి ప్రాజెక్టుకు దశాబ్దాలు పడతాయి. సభ అనుమతి మాత్రం ఒక్క ఆర్థిక సంవత్సరానికే. ఖర్చుకాని మొత్తం మార్చి 31తో మురిగిపోతుంది. అందువల్ల ఏటా కొత్తగా పద్దు అడగాలి, ఏటా పోటీపడాలి. ఈ వార్షిక నియమం సభ అధికారానికి రక్షణ. కాలువ చివరి ఆయకట్టు రైతు దృష్టిలో మాత్రం అదే అనిశ్చితి.

5. తెలంగాణ రాష్ట్రం – మంజూరుకు, చెల్లింపుకు మధ్య:
2014 నవంబరు 5న ఆర్థికమంత్రి ఈటల రాజేందర్ లక్ష కోట్ల రూపాయలకు పైబడిన తొలి తెలంగాణ బడ్జెట్‌ను ప్రవేశపెట్టారు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ప్రాంతీయ మిగులు వివాదం అలా ముగిసింది. అప్పుడు మిగిలిన ప్రశ్న, సభ ఆమోదించిన సొమ్ము లబ్ధిదారుకు ఎప్పుడు చేరుతుందన్నది.

కోరుట్ల పరిసరాల్లో బీడీలు చుట్టే మహిళలకు ఆసరా పథకం కింద ఇచ్చే జీవనభృతి నెలకు 1,000 రూపాయలతో మొదలై 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. సభలో అది ఒక పెద్ద పద్దులోని చిన్న ఉపశీర్షిక. కోరుట్ల ఇంట్లో నెల గడిచే ఆధారం. ఇదే ప్రాంతంలోని ముత్యంపేట చక్కెర కర్మాగారం మరొక పార్శ్వాన్ని చూపుతుంది. ప్రభుత్వరంగంలోని నిజాం షుగర్స్ యూనిట్లు 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లాయి. తరువాత శాసనసభా సంఘం ఆ వ్యవహారాన్ని పరిశీలించింది. అయినా 2015 చివర కర్మాగారం మూతపడింది. సభాసంఘం సిఫారసులు ప్రభుత్వాన్ని నిర్బంధించలేవు.

సిరిసిల్ల విషయం మరింత లోతైనది. 2017లో ప్రారంభమైన బతుకమ్మ చీరల పథకం ఏటా సుమారు కోటి చీరల గిరాకీని సృష్టించి మరమగ్గాలకు పని కల్పించింది. ఇక్కడ ప్రభుత్వ వ్యయమే ఒక పట్టణ ఉపాధికి ఆధారమైంది. సభ పద్దును ఆమోదించిన తరువాత ఆర్థికశాఖ నిధుల విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. బిల్లు ఖజానాకు చేరాలి. ఆపైనే చెల్లింపు. ఈ మెట్లలో ఎక్కడ ఆగినా ఆసామి నూలు అప్పు తీర్చలేడు, కార్మికుడికి కూలి అందదు. 2024లో ఆర్డర్లు నిలిచిపోయి, పాత బకాయిలు చెల్లించాలన్న డిమాండ్ ముందుకు వచ్చినప్పుడు ఈ అంతరం బహిర్గతమైంది. ఖర్చుకు అనుమతించే అధికారం సభది. అనుమతించిన ఖర్చును సకాలంలో చేయించే సాధనం సభ చేతిలో బలంగా లేదు.

లెక్క అడిగే దశ కూడా బలహీనమే. కాగ్ నివేదికలు 151వ అధికరణం ప్రకారం సభకు చేరతాయి. ప్రభుత్వ ఖాతాల సంఘం వాటిని పరిశీలించాలి. అనుమతికి మించి చేసిన వ్యయాన్ని 205వ అధికరణం కింద సభ క్రమబద్ధీకరించాలి. 2014–15 మొదలుకొని ఇటువంటి అధిక వ్యయం క్రమబద్ధం కాకుండా మిగలడాన్ని కాగ్ నివేదికలు ఎత్తిచూపాయి. 2024లో ఖాతాల సంఘం అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి దక్కిందా లేదా అన్న వివాదం చెలరేగడం ఆ పదవి ప్రాధాన్యాన్ని తెలుపుతుంది.

6. ముగింపు:
సంస్థాన కాలంలో లెక్క ఉంది, ఓటు లేదు. 1956 తరువాత ఓటు ఉంది, ప్రాంతానికి తగిన లెక్క లేదు. 2014 తరువాత రెండూ ఉన్నా, విడుదలపై, గతవ్యయంపై సభ పట్టు సడలింది. పార్లమెంటులో 1993 నుండి శాఖలవారీ స్థాయీ సంఘాలు ఓటుకు ముందే పద్దులను పరిశీలిస్తున్నాయి. రాష్ట్ర శాసనసభ అంతటి లోతైన పరిశీలనకు పూనుకొని, మంజూరు, విడుదల, చెల్లింపుల మధ్య వ్యత్యాసాన్ని త్రైమాసికంగా సభ ముందుంచే ఏర్పాటు చేస్తే, సిరిసిల్ల నేతకార్మికుడి బకాయి తదుపరి బడ్జెట్ వరకు ఆగకుండానే సభ దృష్టికి వస్తుంది. ‘మంజూరు’ అనే మాట మూలార్థం సార్థకం కావాలంటే సభ ఆమోదించడానికి ముందు ఒకసారి, ఖర్చయిన తరువాత మరొకసారి చూడవలసి ఉంటుంది.